సముద్రం లేని ఊళ్లో అలల కబురు

మామ పోయిన కబురు నాకు బస్సు కండక్టరు చెప్పాడు. తమ్ముడి బిడ్డకు చెవులు కుట్టిస్తున్నారని నేను తళవాయిపురంలో మా పుట్టింటికి వెళ్లి ఉన్నాను. పొద్దుటి బస్సు ఎప్పుడూ ఆగే చోట ఆగకుండా నేరుగా మా వాకిటి ముందుకొచ్చి నిలబడింది. కండక్టరు మెట్టు మీదే నిలబడి, తలమీది టోపీ తీసి, "అమ్మా, మీ మామ పోయినారు. బండి నిలిపినాను, ఎక్కండి" అన్నాడు. చేతులకు పసుపు అలాగే ఉంది. కడుక్కోవాలని కూడా తోచలేదు. ఎక్కి కూర్చున్నాను.

ఆ తర్వాత మా అత్తవారింటి అరుగు ఒక్కరోజూ ఖాళీగా లేదు. రాజపాళయంలో పెద్ద తలకాయలన్నీ వచ్చి కూర్చున్నాయి. ఆయన సింహమన్నారు. భయమంటే ఎరగని మనిషన్నారు. గాలి సైతం ఆయన్ని అడిగి వీచేదన్నారు. నేను తలుపు చాటున మజ్జిగ గ్లాసులు సర్దుతూ అవన్నీ విన్నాను, వింటున్నకొద్దీ సిగ్గుతో తల నేలకు వంగిపోయింది. వాళ్లు అబద్ధాలు చెప్పడం లేదు, ప్రేమతోనే చెప్పారు. కానీ మామ బతికి ఉండగా ఎవరైనా ఆయన ఎదుట ధైర్యం అన్న మాట ఎత్తితే చాలు, లేచి గొడ్లచావిట్లోకి వెళ్లిపోయేవారు. వచ్చినవాళ్లు వెళ్లేదాకా ఆవు మెడ గోకుతూ అక్కడే నిలబడేవారు. పోయాక లేచి వెళ్లే వీలు లేదు కాబట్టి ఇప్పుడు అందరూ కూర్చోబెట్టి పొగుడుతున్నారు. ఆయన తరఫున నేనే లేచి వెళ్లాలి. ఈ నాలుగు మాటలు అందుకే రాస్తున్నాను.

ఆయన మా ఇంటాయన తండ్రి. చోళపురం వైపు పొలం, కొండ కింద మామిడితోపు, నిండు మీసం, ఎవరి మాటా వినని చెవులు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఆయన అడుగుల చప్పుడు వింటేనే నా చేతిలో గరిటె ఆగిపోయేది. ఆడి నెల, అదే ఆషాఢం, వస్తే మా ఊరికి కొండల సందులోంచి పడమటి గాలి దిగుతుంది. దిగడమంటే మామూలుగా కాదు, అన్నంలో ఇసుక, కళ్లల్లో దుమ్ము, పెంకులు వీధిలో. ఆ గాలి ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు అలుస్తుందో మామకు ముందే తెలిసేది. పొద్దున్నే మామిడితోపు గట్టు మీద నిలబడి కొండ నెత్తిన మబ్బు ఎలా కూర్చుందో చూసేవారు. వచ్చి అరుగు మీద కూర్చుని, "ఈ పక్షం గాలి మోటుగా ఉంటాది. వచ్చే పక్షం కుంటతాది. ఆ పైన పదునుగా వస్తాది, అప్పుడు ధాన్యం తీయండి" అనేవారు. అలాగే జరిగేది.

కోత అయ్యాక కళ్లాల్లో ధాన్యం రాశులు తాటాకు చాపలు కప్పుకుని ఎదురుచూస్తూ ఉండేవి. మామ తన కళ్లంలో పాతిన గుంజకు తుండుగుడ్డ కట్టేదాకా ఎవరూ చాప ఎత్తేవారు కాదు. ఆయన ఎవరినీ పిలిచేవారు కాదు, చెప్పేవారు కాదు. భుజం మీది తుండుగుడ్డ తీసి గుంజకు కట్టి, మీసం ఒకసారి తుడుచుకునేవారు. అంతే, చుట్టూ ఉన్న కళ్లాలన్నిట్లోనూ చేటలు పైకి లేచేవి, పొట్టు ఒక పక్కకు గింజ ఒక పక్కకు రాలేది. ఊరి గాలికి తానే యజమాని అన్నట్టు ఉండేది ఆయన నడక. "యా గాలి అయినా మన కొండ దాటే రావాల. సముద్రానికి పోవాలన్నా మన ఊరి మీదనే పోవాల" అనేవారు. మేము నమ్మేవాళ్లం. కొండ పక్కన పుట్టినవాళ్లం, ఇంకేం నమ్ముతాం?

మా అత్త మంసాపురం పిల్ల. సముద్రం చూడలేదు. ఆవిడకు ఉన్నది ఒకటే కోరిక, మొగుడూ పెళ్లాం కొంగులు ముడివేసుకుని సముద్రంలో ఒక్క మునక వేయాలని. ఏటా అడిగేది. ఏటా మామ, "గాలి సరిలేదు" అనేవారు. నా పెద్దవాడికి తిరుచెందూరులో తలవెంట్రుకలు తీయించే మొక్కు వచ్చినప్పుడు ఇక తప్పించుకునే దారి లేకపోయింది. మామ కొన్నాళ్లు కొండకేసి చూసి, ఒక పొద్దున వంటింటి గడప దగ్గరకు వచ్చి అత్తతో అన్నారు:

"అమావాస్య పోయినాక గాలి కూర్చుంటాది. గాలి లేకుంటే అల యాడిది? సముద్రం చెరువు మాదిరి ఉంటాది. పోదాం."

అత్త ఆ రోజు ఉప్పు వేయడం మరిచిపోయి పులుసు దించింది. మేమంతా అలాగే తిన్నాం.

తిరుచెందూరులో మొక్కు తీరింది. గుడి ముందు ఒడ్డు నిండా జనం. ఆడా మగా ఒక్కచోటే మునుగుతున్నారు, తడిచీరలతో పైకి వస్తున్నారు. మా ఇళ్లల్లో ఆడవాళ్లు పరాయి మగవాళ్ల ఎదుట తడిబట్టతో నిలబడడమన్నది లేదు. మామ ముఖం మాడిపోయింది. "ఈడ వద్దు. మానంగా ఉండే చోటు చూస్తాను" అని బండి కట్టించి దక్షిణంగా తీసుకువెళ్లారు. అక్కడ నేల మొనలాగా సముద్రంలోకి పొడుచుకుని ఉంది. మనిషన్నవాడు లేడు. ఎంత బాగుందో అనుకున్నాం. ఇంత మంచి చోట ఎవరూ ఎందుకు మునగడం లేదని మాలో ఒక్కరికీ తోచలేదు. నలుగురి కళ్లు తప్పించుకోగలిగితే చాలు, మేము ఎక్కడికైనా పోతాం. మా తీరే అంత.

గాలి బొత్తిగా లేదు. మామ చుట్ట వెలిగిస్తే పొగ నిటారుగా పైకి పోయింది. "చూసినారా?" అని ఆ పొగ వైపు వేలు చూపించారు. అలలు మోకాలి ఎత్తున వచ్చి ఇసుక మీద జారిపోతున్నాయి. అత్త చీర కొంగుకూ మామ తుండుగుడ్డకూ నేనే ముడివేశాను, పెళ్లినాటిలాగా గట్టిగా. ఇద్దరూ చెయ్యి పట్టుకుని దిగారు. అత్త నడుం లోతుకు పోయి, వెనక్కి తిరిగి నాకేసి చూసి నవ్వింది. ఆవిడ పళ్లన్నీ కనబడేలా నవ్వడం నేను చూసింది అదే మొదలు.

అప్పుడు మొన చివర నీళ్లు గోడలాగా లేచాయి. గాలి లేదు, చప్పుడు లేదు. ఆ అల నేల అంచును ఒరుసుకుంటూ, ఒక కొస నుంచి మడత పడుతూ మా వైపుకు వచ్చింది. అత్త తలకన్నా ఎత్తు. మేమంతా అరిచాం. మామ అల చూశారు, అత్త చెయ్యి వదిలేశారు, ఒడ్డుకు పరిగెత్తారు.

మోకాళ్లు పైకెత్తి, నీళ్లు తొక్కుకుంటూ ఆయన నా వైపుకు వస్తున్న తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. ఆ ముఖంలో మామ లేరు, మీసం మాత్రం ఉంది. పొడి ఇసుక మీదికి వచ్చాకే ఆయన వెనక్కి తిరిగారు. వెనక నురగ తప్ప ఏమీ లేదు.  తర్వాత నురగలోంచి అత్త వీపు తేలింది, తర్వాత తల. చేతులు నేలకు ఆనించి, దగ్గుతూ, మెల్లగా లేచి నిలబడింది. జుట్టు విడిపోయింది. నుదుట బొట్టు లేదు. కొంగుకు ముడి మాత్రం అలాగే ఉంది, ఆ ముడికి మామ తుండుగుడ్డ వేలాడుతోంది. పరిగెత్తినప్పుడు అది ఆయన భుజం నుంచి జారిపోయింది. ఊరికంతా గాలి చెప్పిన తుండుగుడ్డ అది.

అత్త దాన్ని ఈడ్చుకుంటూ పైకి వచ్చింది. వచ్చి మామను అడిగింది:

"మీకేమీ కాలేదు గదా?"

తిట్టి ఉంటే ఆయన బతికిపోయేవారు.

నిజానికి మేమంతా వెనక్కి పరిగెత్తినవాళ్లమే. మా ఇంటాయన బిడ్డను చంకనేసుకుని తాటిచెట్ల దాకా పోయారు. మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు, మేమూ అనుకోలేదు. రైలెక్కాక వెంట వచ్చిన చిన్నవాళ్లు మామ పరుగును తలుచుకుని కిసుక్కున నవ్వారు కూడా. మామ తలుపు దగ్గర, మాకు వీపు పెట్టి కూర్చున్నారు. ఊరు వచ్చేదాకా చుట్ట వెలిగించలేదు.

ఆ ఏడు కోత అయ్యింది. కళ్లాల్లో రాశులు సిద్ధం. పదునైన గాలి వచ్చింది, చాపల అంచులు ఎగురుతున్నాయి, అయినా ఎవరూ ఎత్తలేదు. గుంజకు తుండుగుడ్డ లేదు. పక్క పొలం ఆయన ఇంటికే వచ్చి అరుగు కింద నిలబడి, "అన్నా, కట్టలేదే?" అని అడిగాడు.

"నాకు తెలీదప్పా. గాలి తగిలితే తీసుకోండి."

"ఏమన్నా, మీరే ఇట్ల అంటే?"

"నేను గాలి తెలుసుననుకొని పెండ్లాన్ని సముద్రంలో దింపినాను. అల వస్తానే వదిలిపెట్టి పరిగెత్తినాను. అట్లాంటివాని మాట మీకేల?"

లోపల మా ప్రాణాలు పోయినంత పని అయ్యింది. మా ఇంటాయన వారం రోజులు వీధిలోకి వెళ్లలేదు. ఆడబిడ్డ అత్తవారింటి నుంచి కబురు పంపింది, నాన్న నోరు కట్టమని. ఆయన ఆగలేదు. గాలి కోసం వచ్చిన ప్రతివాడికీ అదే చెప్పారు, గొంతు తగ్గించకుండా. చివరికి అత్తే ఒకరోజు, "ఊరికంతా చెప్పాల్నా?" అని విసుక్కుంది.

"గాలి తెలుసునని ఊరికంతా చెప్పినాను గదా. ఇది కూడా చెప్పాల" అన్నారు మామ.

ఆ తర్వాతే మొదలైంది అలల కబురు. సముద్రం వైపు నుంచి ఎవరు వచ్చినా మామ వదిలేవారు కాదు. ఉప్పు బండ్లవాళ్లు, ఎండుచేపల అమ్మి, తిరునెల్వేలి బస్సు డ్రైవరు, మొక్కు తీర్చుకుని గుండుతో తిరిగొచ్చినవాళ్లు. "మొన కాడ అల ఎట్ల ఉండాది? గాలి యా పక్కది? వచ్చే వారాల్లో ఎట్ల ఉంటాదంటారు?" ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. ఉప్పు బండివాడు పున్నానికి పెద్దదవుతుందంటే, ఎండుచేపల అమ్మి పున్నానికే చిన్నదవుతుందనేది. డ్రైవరు రోడ్డు గుంతలు తప్ప ఇంకేమీ చెప్పేవాడు కాదు. యుద్ధం వచ్చింది. సముద్రం మీద ఓడలు కనబడ్డాయని, బాంబులు పడతాయని జనం గుంపులుగా మాట్లాడుకునేవారు. మామ ఆ గుంపులోకి పోయి, "అది సరి, అల ఎట్ల ఉన్నిందంట?" అనేవారు. జనం నవ్వేవారు, మేము తలుపులు వేసుకునేవాళ్లం.

సాయంకాలం అత్త ఉల్లిపాయలు ఒలుస్తుంటే మామ వంటింటి గడప దగ్గరకు వచ్చి నిలబడేవారు. లోపలికి రారు. "వచ్చే పక్షం గాలి దక్షిణానికి తిరగతాది. అల పెద్దది. వద్దు" అనేవారు. అత్త తల ఎత్తకుండానే, "సరి" అనేది. మరో సాయంకాలం, "గాలి లేదు. కానీ నమ్మేదానికి లేదు. గాలి ఆగిందని అల ఆగదు. అది యాడనో బయలుదేరినాది, దానికి మన ఊరి సంగతి ఏం తెలుసు?" అనేవారు. "సరి." సముద్రపు వాసన కూడా తగలని ఊళ్లో, వంటింటి గడప మీద, ఏళ్ల తరబడి ఇదే వార్త. ఒక్క పక్షమైనా బాగుందని చెప్పలేదు.

నాకు ఒళ్లు మండేది. నోరున్నదాన్ని కాబట్టి అత్తతో ఒకసారి అనేశాను, "ఇదంతా సాకు అత్తా. మామకి భయం."

"భయమే. నాకు తెలీదా?" అంది అత్త, ఉల్లిపొట్టు చేటలోకి తోస్తూ. "ఇన్నేండ్లు ఊరికంతా గాలి చెప్పినారు. నాకని వచ్చి చెప్పేది ఇదొకటే. చెప్పనీ."

అప్పుడు ఉల్లిపాయల వల్ల కాదు నా కళ్లు మండింది.

మనిషి మెత్తబడ్డారు ఆ ఏళ్లలో. ఒకసారి నేను తోడికోడలి మీద లేనిపోనిది చెప్పి, అది పెద్ద గొడవై, ఎలా బయటపడాలో తెలియక పెరట్లో నిలబడి ఉన్నాను. మామ గొడ్లకు కుడితి పోస్తూ, నాకేసి చూడకుండానే, "పోయి చెప్పేయమ్మా. చెప్పినాక తేలిగ్గా ఉంటాదని అనుకోవద్దు, ఉండదు. కానీ నిలబడొచ్చు" అన్నారు. వెళ్లి చెప్పాను. తేలిగ్గా లేదు. నిలబడ్డాను. అదే మనిషి పాత మామ అయి ఉంటే నేను ఆ గుమ్మం దాటి పుట్టింటికి పోయి ఉండేదాన్ని. ఆయనకు నేను చెప్పుకోవలసిన కృతజ్ఞత ఆ ఒక్క మాటకే ఉంది.

ఆఖరికి అత్తే తేల్చేసింది. మామ గడప దగ్గరకు వచ్చి, "వచ్చే పక్షం కూడా మంచిది కాదు, అల రొంబ పెద్దది" అంటుండగా, ఆవిడ పులిహోర ఆకుల్లో కడుతోంది.

"పోదాము" అంది. "నా మోకాళ్లు పోతా ఉండాయి. ఇంకా కాచుకుంటే నన్ను ఎత్తుకొని పోవాల."

 భుజం మీది తుండుగుడ్డ సర్దుకున్నారు. తోడుగా నేను బయలుదేరాను.

అదే మొన. ఈసారి కూడా నేనే ముడివేశాను. మామ అత్త మణికట్టును రెండు చేతులతో పట్టుకుని దిగారు. నీళ్లు పెద్దగా కదలడం లేదు. అంత పెద్దవని చెప్పిన అలలు అత్త కాలి కడియాలు తడిపి వెనక్కి పోతున్నాయి. ఇద్దరూ నడుం లోతుకు వెళ్లారు. అత్త కళ్లు మూసుకుని మునిగింది. మామ కళ్లు తెరిచే మునిగారు, లేచి, చూపు మొన చివరి మీదనే పెట్టారు. 

"ఏమండీ, చాలు. పోదాం."

"ఉండు. ఇంకా రాలేదు."

ఎండ ఎక్కింది. అల రాలేదు. ఇంకా కాసేపు నిలబడ్డారు. రాలేదు. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. చూడడానికే నాకు సిగ్గనిపించింది, పరాయివాళ్ల గదిలోకి తొంగిచూసినట్టు. ఇన్నేళ్లు ఆ అల కోసం కాచుకున్న మనిషికి సముద్రం ఆ మాత్రం అవకాశం కూడా ఇవ్వలేదు.

మామ ఒడ్డుకు వచ్చారు, కానీ అత్త చెయ్యి వదల్లేదు. పొడి ఇసుక మీద వదల్లేదు. బండిలో వదల్లేదు. రైల్లో పులిహోర ఒంటిచేత్తో తిన్నారు. రాజపాళయం స్టేషన్లో దిగి, పట్టపగలు, అంగళ్ల వీధిలో అత్త చెయ్యి పట్టుకుని నడిచారు. మా ఊళ్లో మొగుడు ముందు నడుస్తాడు, పెళ్లాం నాలుగు అడుగులు వెనక తల వంచుకుని నడుస్తుంది. ఈ వయసులో, మనవళ్లున్న మనిషి, వీధిలో పెళ్లాం చెయ్యి పట్టుకుని! అంగళ్లలోంచి తలలు బయటికి వచ్చాయి. అరుగుల మీద ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నేను ముఖం మీదికి కొంగు లాక్కుని, వాళ్లెవరో నాకు తెలియనట్టు వెనకబడిపోయాను.

"మానం పోతా ఉండాది. చెయ్యి వదలండి" అంది అత్త పళ్ల సందున.

"నా మానం పోయింది ఈడ కాదు" అన్నారు మామ. ఇంటి గడప దాటేదాకా పట్టుకునే ఉన్నారు.

అప్పటి నుంచి అదే అలవాటైంది. గుడికి పోయినా, పొలానికి పోయినా, పెళ్లి పందిట్లోనైనా చెయ్యి చెయ్యే. మేము సిగ్గుతో చచ్చేవాళ్లం. ఆయనకు మాత్రం ఏమీ అనిపించేది కాదు. ఆయన సిగ్గంతా ఎక్కడో ఒకచోట ఖర్చయిపోయినట్టుంది.

మామ పోయిన ఆ పొద్దున బస్సు దిగి నేను వీధి మలుపు తిరిగేసరికే అరుగు మీద మగవాళ్లు చేరి ఉన్నారు. లోపల గంగాళంలో వేడినీళ్లు సిద్ధంగా ఉన్నాయి. స్నానం చేయించడానికి ఇంటిపెద్దలంతా మంచం చుట్టూ నిలబడ్డారు. మామ కళ్లు మూసి ఉన్నాయి. అత్త మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఆవిడ మణికట్టు ఆయన గుప్పిట్లో ఉంది. నేను పుట్టింటికి వెళ్లాక జబ్బు ముదిరి మాట పడిపోయినప్పటి నుంచీ అలాగే పట్టుకుని ఉన్నారట. వేళ్లు బిగుసుకుపోయాయి. పెద్దామె ఒకావిడ వంగి ఒక్కొక్క వేలూ విప్పాలని చూస్తోంది, రావడం లేదు.

"గట్టిగా లాగండమ్మా, పొద్దు ఎక్కతా ఉండాది" అన్నారు ఎవరో.

అత్త ఏడవడం లేదు. ఖాళీగా ఉన్న చెయ్యి ఎత్తి పెద్దామెను ఆపింది.

"ఉండండమ్మా" అంది. "అల పోనీండి."

అందరం ఆగిపోయాం. ఆ ఇంట్లో గాలి లేదు. గంగాళం మీది ఆవిరి నిటారుగా పైకి పోతోంది.